కువైట్‌లో జూలై శుక్ర, శనివారాలు: నాలుగేళ్ల పిల్లాడితో, కారు లేకుండా ఎలా గడుపుతారు?

గోదారమ్మాయి (సాల్మియా):

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. మావారు ఇక్కడ ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. నేనూ, మా నాలుగేళ్ల బాబూ మే చివర్లో వచ్చాం. సాల్మియాలో ఆరో అంతస్తు, చిన్న ఫ్లాట్. మామూలు రోజులు ఎలాగో గడిచిపోతున్నాయి. ఇబ్బందల్లా శుక్ర, శనివారాలతోనే. ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి వాడికి నాన్నతో బయటికి వెళ్లాలని ఉంటుంది. లేవగానే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడతాడు. ఎక్కడికని తీసుకెళ్లాలి? పదింటికి బాల్కనీ తలుపు తీస్తే లోపలికొచ్చే గాలికే వాడి మొహం కందిపోతోంది. కింద పార్కులో జారుడుబల్ల ఉంది గానీ ఆ వేళకి దాన్ని చేత్తో ముట్టుకోలేం.

మావారికి లైసెన్స్ ఇంకా రాలేదు, కారు లేదు. ఎవరినడిగినా మాల్‌కి వెళ్లండి అంటారు. వెళ్లాం. అవెన్యూస్ చాలా బాగుంది. కానీ రానూపోనూ టాక్సీ, లోపల వాడు అడిగే ఆటలు, తిండి అన్నీ కలిపితే ప్రతి వారం పెట్టుకోగలిగే ఖర్చు కాదు. దినార్లలో చూస్తే చిన్న అంకెలాగే ఉంటుంది, రూపాయల్లో లెక్క కట్టుకోగానే టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో సంగతి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే మరిగిన నీళ్లు వస్తున్నాయి. బాబుకి స్నానం చేయించాలంటే బకెట్ పట్టి చల్లారేదాకా కూర్చోవాల్సి వస్తోంది. దీనికి మీరంతా ఏం చేస్తారు?

ఆగస్టు ఇంకా కష్టంగా ఉంటుందని పక్క ఫ్లాట్ వాళ్లు చెబుతున్నారు. ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్లు, మీ శుక్రవారం లేచిన దగ్గర్నుంచి ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పండి. తెలుగువాళ్లు కలిసే చోటు ఏదైనా ఉంటే అదీ చెప్పండి. నాతో తెలుగులో మాట్లాడే పెద్ద మనిషి మావారొక్కరే అయిపోయారు.

మహబూలా బ్యాచిలర్:

సిస్టర్, మేం రూమ్‌లో ఆరుగురం ఉంటాం, మా పద్ధతి మీకు ఎంతవరకు పనికొస్తుందో చూడండి. శుక్రవారం తెల్లవారుజామునే బ్యాట్లు తీసుకుని దగ్గర్లో ఉన్న ఖాళీ జాగాకి పోతాం. ఇప్పుడు అయిదు లోపే సూర్యుడు వచ్చేస్తున్నాడు కాబట్టి ఆరున్నరకల్లా ఆట ఆపేస్తాం. వచ్చే దారిలో బకాలాలో, అంటే చిల్లర కొట్టులో, లబన్ (మజ్జిగ), ఖుబూస్ (రొట్టెలు) కొనుక్కుంటాం. స్నానాలయ్యాక ఒకరు చికెన్ కడుగుతారు, ఒకరు ఉల్లిపాయలు కోస్తారు, పదకొండుకి బిర్యానీ దిగుతుంది. తిని పడుకుంటే మళ్లీ అయిదుకే లేవడం. గుంటూరు అన్న ఒకాయన తన కొడుకుని కూడా ఆటకి తెస్తాడు. వాడు ఆరేళ్లవాడు, బౌండరీ దగ్గర బంతులు అందిస్తూ తెగ పరిగెడతాడు. పిల్లలున్నవాళ్లకి కూడా ఆ వేళే మంచిదని నా ఉద్దేశం.

రాజంపేట అక్క (మంగాఫ్):

చెల్లీ, పైన తమ్ముడు చెప్పిందే అసలు మాట. ఈ ఊళ్లో ఎండాకాలం పగటిపూట మన చేతిలో ఉండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నేను సెలవు రోజుని రెండు ముక్కలు చేసేస్తాను. తెల్లవారుజాము ఒకటి, పొద్దుగూకాక ఒకటి. మధ్యలోదంతా వంటకి, నిద్రకి, ఇంటికి ఫోన్లకి. నేను 2009లో పెళ్లయి వచ్చాను, ఇద్దరు పిల్లలూ ఇక్కడే పెరిగారు, మాకు కారు వచ్చింది చాలా ఏళ్ల తర్వాతే. నువ్వు అడిగిందంతా నేను పడినదే.

ముందు నీళ్ల సంగతి చెప్తాను, అది ఇవాళే చేసుకోవచ్చు. ట్యాంకులు మేడ మీద ఎండలో ఉంటాయి, అందుకే చన్నీళ్ల కుళాయిలో వేడినీళ్లు. బాత్రూమ్‌లో గీజర్ ఉంది కదా, దాని స్విచ్ ఆపెయ్. చలి మొదలయ్యేదాకా మళ్లీ వెయ్యొద్దు. గీజర్ ఇంటి లోపల ఉంటుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్లు రాత్రంతా చల్లబడతాయి. కుళాయిని ఎర్ర గుర్తు వైపు తిప్పితే ఆ చల్లటివే వస్తాయి. అయితే వాడేకొద్దీ పైనుంచి వేడివి వచ్చి అందులో కలుస్తాయి. కాబట్టి మొదటి బకెట్ పిల్లాడిది, తర్వాతే మీవి. మేమైతే మూతున్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకున్నాం. రాత్రి పడుకునేముందు నింపితే పొద్దున్నకి, పొద్దున నింపితే సాయంత్రానికి. వాడి ఒంటి మీద పోసేముందు నీళ్లు నీ మోచేతి మీద పోసుకుని చూడు. మధ్యాహ్నం పూట చన్నీళ్ల కుళాయి దగ్గర వాడిని ఒంటరిగా వదలొద్దు. ఆ నీళ్లకి చిన్నపిల్లల చర్మం కమిలిపోతుంది.

ఇక శుక్రవారం. మాకది గురువారం రాత్రే మొదలవుతుంది. ఆయన డ్యూటీ నుంచి రాగానే జమ్మియాకి, అంటే కోఆపరేటివ్ స్టోర్‌కి, వెళ్లి పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చేస్తాం. చేపల పులుసు ఆ రాత్రే పెట్టేస్తాను, మర్నాటికి ముక్కకి పులుపు బాగా పడుతుంది. చందువలని ఇక్కడ జుబైదీ అంటారు, రుచికి తిరుగులేదు గానీ ధర ఎక్కువ. ఫ్లాస్కు కడిగి బోర్లిస్తాను, ఒక పాత దుప్పటి, పిల్లల తువ్వాళ్లు తలుపు దగ్గర పెట్టేస్తాను. నాలుగింటికి అలారం.

సముద్రపు ఒడ్డుకి చేరేసరికి ఇంకా మసకగానే ఉంటుంది. మీ సాల్మియా వాళ్లకి మాకన్నా సుఖం. సైంటిఫిక్ సెంటర్ దగ్గర్నుంచి సముద్రం పక్కనే నడిచే బాట ఉంది. ఆ వేళకి ఇసుక, రాళ్లు, జారుడుబల్లలు అన్నీ ముట్టుకునేట్టు ఉంటాయి. రాత్రంతా అక్కడే కూర్చున్న ఈజిప్టు, సిరియా కుటుంబాలు చాపలు దులిపి మడుస్తుంటారు, వాళ్ల పిల్లలు ఆ చాపల మీదే నిద్రపోతుంటారు. అప్పుడే మలయాళీ పెద్దవాళ్లు వాకింగ్‌కి దిగుతారు. లోతు లేని చోట చీలమండల దాకా నీళ్లలో దింపి పిల్లాడి చేతికి ఒక ప్లాస్టిక్ గిన్నె ఇచ్చావంటే గంట తిరిగి చూసుకోడు. మా చిన్నది అలాగే గవ్వలు ఏరి ఏరి బాల్కనీ నింపేసింది. ఆరుంపావుకి సామాను సర్దెయ్. వాడు మారాం చేసినా సరే, ఆరున్నర తర్వాత ఉండొద్దు.

వెళ్లేముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసుకో, ఫోన్‌లో కనిపిస్తుంది. వాయవ్యం నుంచి వీస్తే పొడిగాలి. కాస్త దుమ్మున్నా చెమట ఆరుతుంది, పిల్లలు ఆడతారు. ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం మీదుగా వస్తే తేమ. ఆగస్టులో అలాంటి రోజు బిల్డింగ్ తలుపు దాటగానే కళ్లజోడు మీద ఆవిరి పట్టి దారి కనపడదు. పొడి ఎండ కన్నా ఆ తేమకే పిల్లలు తొందరగా నీరసపడతారు, కాబట్టి ఆ రోజు మేం ఒడ్డుకి పోం. దుమ్ము తుఫాను ఉన్న రోజు సరేసరి, తడి తువ్వాళ్లు కిటికీ సందుల్లో కుక్కి ఇంట్లోనే ఉంటాం.

పగలు బయటికి తీసుకెళ్లే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకో. 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా మొత్తంలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. గవర్నమెంటే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎవరితోనూ ఎండలో పని చేయించకూడదని రూలు పెట్టింది. కండలు తిరిగిన మగవాళ్లకే అట్లాంటి రూలుంటే నాలుగేళ్ల వాడి సంగతి నువ్వే ఆలోచించు.

ఒడ్డు నుంచి రాగానే స్నానాలు, టిఫిన్. వంటింట్లో ఏసీ ఉండదు కదా, తొమ్మిదికల్లా పొయ్యి ఆర్పేస్తాను. అప్పుడు ఇంటికి ఫోన్. ఇండియా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ పదకొండున్నర, మా అమ్మ వంట ముగించుకుని తీరిగ్గా కూర్చునే సమయం. పదకొండు దాటాక జుమా నమాజుకి కొట్లు మూసేస్తారు, రోడ్లు ఖాళీ అయిపోతాయి. ఆ వేళకి మేం భోజనం చేసి, పరదాలు దించి, అందరం ఒకే గదిలో ఒకే ఏసీ వేసుకుని పడుకుంటాం. మీవాడు మధ్యాహ్నం పడుకోడేమో అని అనుమానం వద్దు. నాలుగింటికి లేచినవాడు అన్నం ముద్ద నోట్లో ఉండగానే తూగుతాడు.

సాయంత్రం ఆరుముప్పావుకి పొద్దుగూకుతుంది. వెంటనే బయలుదేరితే రోడ్లు, గోడలు పగలు పీల్చుకున్న వేడి కక్కుతుంటాయి. ఎనిమిదికి కదలండి. సాల్మియా నుంచి కువైట్ సిటీలోని మాలియాకి ఏసీ బస్సులు తిరుగుతుంటాయి, అక్కడ దిగితే ముబారకియా మార్కెట్ నడక దూరం. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. పైకప్పున్న సందులు, ఒక వరుసంతా ఖర్జూరం, ఒక వరుసంతా మసాలా దినుసులు, ఇంకాస్త ముందుకెళ్తే చేపలు. ఖర్జూరం కొట్లవాళ్లు పిల్లలు కనిపిస్తే చాలు, ఒకటి తీసి చేతిలో పెడతారు. ఆగస్టు చివర్లో పసుపుపచ్చటి బర్హీ గెలలు వస్తాయి. అవి మెత్తబడకముందే తినాలి, కొరికితే కరకరమంటూ తియ్యగా ఉంటాయి. ముగ్గురూ ఫలాఫిల్ శాండ్‌విచ్‌లు తిని, వాడికి ఓ జ్యూస్ ఇప్పించినా మాల్‌లో అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏ మూలకీ రాదు. ఇంకో శుక్రవారం రాత్రి షహీద్ పార్కుకి వెళ్లండి, ప్రవేశానికి డబ్బు తీసుకోరు, చెట్ల మధ్య పిల్లలు పరిగెత్తడానికి బోలెడు జాగా.

అవెన్యూస్‌కి వెళ్లొద్దనను. శనివారం పొద్దున తెరిచీ తెరవగానే, ఇంట్లో కడుపునిండా తినిపించి తీసుకెళ్లు. అద్దాల కప్పు కింద ఖర్జూరపు చెట్లున్న పెద్ద వీధి ఉంది చూడు, ఆ వేళకి అక్కడ జనం ఉండరు. ఒక చివర నుంచి ఇంకో చివరకి వాడిని పరిగెత్తించి, జనం వచ్చేలోపు బస్సెక్కెయ్. ఆటల గదుల వైపు తిప్పకు.

గోంగూర, మునగాకు కావాలంటే అబ్బాసియాకి పో. శుక్రవారం సాయంత్రం ఆ కొట్ల ముందు నిలబడితే చాలు, మన మాట వినపడుతుంది.

రాయచోటి అన్న (సల్వా):

చెల్లెమ్మా, నేను ఖాదిమ్ వీసా, అంటే ఇంటి పనివాళ్ల వీసా మీద వచ్చిన ఇంటి డ్రైవర్‌ని. నేను వచ్చిన కొత్తలో ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు, 2007 సెప్టెంబర్ నుంచి శుక్ర, శనివారాలకి మార్చారు. ఏ రోజులైనా, ఇళ్లలో పనిచేసేవాళ్లకి సెలవుల్లోనే పని ఎక్కువ. గురువారం సాయంత్రం మా బాబా వాళ్లు, అంటే మా యజమాని కుటుంబం, ఖైరాన్‌లో సముద్రం పక్కనున్న శాలేకి (సెలవుల్లో ఉండే ఇంటికి) పోతారు. ఐస్ పెట్టెలు, బొగ్గుల బస్తాలు, పిల్లల సైకిళ్లు బండికెత్తి అందరినీ అక్కడ దించితే నాకు అర్ధరాత్రి అవుతుంది. వాళ్లు నన్ను వెనక్కి పంపిన వారం శుక్రవారం నాది.

తెలుగువాళ్లు కలిసే చోటు అడిగావు కాబట్టి చెప్తున్నా. శుక్రవారం మాలియాకి రా. కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు, మీ గోదావరి జిల్లాల వాళ్లు అందరూ అక్కడికే చేరతారు. ఇంటికి డబ్బు పంపేది, జుట్టు కత్తిరించుకునేది, ఊరి కబుర్లు చెప్పుకునేది, ఊరెళ్లేవాళ్ల చేతికి చిన్న పొట్లం ఇచ్చేది అంతా అక్కడే. ఇక్కడ ఆదివారం పనిరోజు కాబట్టి చర్చి ఆరాధన శుక్రవారం పెట్టుకుంటారు. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది, ఒక్కో హాల్లో ఒక్కో భాష, తెలుగు కూడా. నేను ముస్లింని, నమాజు ముగించుకుని మా ఊరివాళ్లని కలవడానికి ఆ గేటు దగ్గరికి పోతాను. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు వారమంతా దాచుకున్న మంచి చీర ఆ రోజే కట్టుకుని వస్తారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని మాట్లాడుకుంటుంటే చూడాలి.

ఇంకొకటి అడుగుతాను, మనసులో పెట్టుకో. ఇంటి పనివాళ్లకి వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2015లో చట్టం వచ్చింది. ఇచ్చేవాళ్లు ఇస్తారు. కొందరికి సగం పూటే దొరుకుతుంది, కొందరికి అదీ లేదు. సగం పూట దొరికినవాళ్లకి ఈ ఎండలో పోవడానికి చోటేది? మా ఇంట్లో వంట చేసే చెల్లెలిది సిద్ధవటం వైపు. ఆమెకి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు వదులుతారు. ఒక్కతే బస్టాండు నీడలో గోడకానుకుని, కూతురికి వీడియో కాల్ చేసుకుంటూ ఆ మూడు గంటలూ గడుపుతుంది. ఫోన్ వేడెక్కి ఆగిపోతే దుపట్టాలో చుట్టి కాసేపు పక్కన పెట్టి, మళ్లీ చేస్తుంది. మీ బిల్డింగ్‌లో అలాంటి మన మనిషి ఎవరైనా ఉంటే శుక్రవారం భోజనానికి పిలువు. నీకు తెలుగు మాట్లాడే మనిషి దొరుకుతుంది, ఆమెకి నడుం వాల్చడానికి చల్లటి గది దొరుకుతుంది.

గోదారమ్మాయి (సాల్మియా):

అందరికీ చాలా థాంక్స్. అక్కా, నిన్న రాత్రే గీజర్ ఆపేశాను. ఇవాళ మధ్యాహ్నం బాబుకి ఆ నీళ్లతోనే పోశాను, బాగా చల్లగా ఉన్నాయి, వాడు బయటికి రానన్నాడు. ఈ శుక్రవారం తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్తున్నాం, మావారు అప్పుడే అలారం పెట్టేశారు. నీళ్లలో పిల్లలకి ఇబ్బంది కలిగించేవి ఏమైనా ఉంటాయా?

అన్నా, మీరు చెప్పింది చదివి మావారికి కూడా వినిపించాను. మూడో అంతస్తులో ఒక కుటుంబం దగ్గర అమలాపురం వైపు ఆవిడ పనిచేస్తున్నారు. బాబుతో నేను మాట్లాడుతుంటే లిఫ్ట్‌లో విని, ఏ ఊరమ్మా అని అడిగారు. అంతలో వాళ్ల అంతస్తు వచ్చేసింది. ఆవిడని పిలవాలని ఉంది, కానీ నాకు అరబిక్ రాదు. వాళ్ల మేడమ్‌ని ఎలా అడగాలో తెలియడం లేదు.

రాజంపేట అక్క (మంగాఫ్):

జెల్లీ చేపలు వస్తుంటాయి చెల్లీ, ఎండాకాలంలో ఎక్కువ. ఒడ్డున పడి ఉన్నవాటిని కూడా వాడిని ముట్టుకోనివ్వకు. రాళ్ల మధ్య గాజుపెంకులుంటాయి, మడమ దాకా పట్టుండే రబ్బరు బూట్లు కొనిపెట్టు. ఆ అమలాపురం ఆవిడ వచ్చేట్టయితే ముందు చెప్పు, మా ఆయనా నేనూ గోంగూర పచ్చడి తీసుకుని వస్తాం. నాకూ సాల్మియా వచ్చి చాలా రోజులైంది.

రాయచోటి అన్న (సల్వా):

అరబిక్ అక్కర్లేదు చెల్లెమ్మా, ఇక్కడి మేడమ్‌లు చాలామందికి ఇంగ్లిష్ వస్తుంది. ఆవిడతో ముందు నువ్వేమీ మాట్లాడుకోవద్దు, నేరుగా మేడమ్ దగ్గరికే పో. బాబుని వెంట తీసుకెళ్లు. చేతిలో నువ్వు చేసిన స్వీటేదైనా పట్టుకెళ్లి, పై అంతస్తులో ఉంటామని, మీ భర్త ఏం చేస్తారో చెప్పు. మా ఊరి మనిషి, శుక్రవారం మా ఇంట్లో భోజనం చేసి వస్తుందని అడుగు. ఏ టైమ్‌కి పంపాలో వాళ్లనే చెప్పమను. మేడమ్‌కి తెలియకుండా మాత్రం ఎప్పుడూ పిలవొద్దు. కనపడలేదని వాళ్లు పారిపోయిన కేసు పెడితే అకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, పోయేది ఆవిడకే. నాలుగింటికి రమ్మంటే మూడుముప్పావుకే కిందికి తీసుకెళ్లి గుమ్మంలో అప్పగించు. మొదటి వారం గంటే ఇచ్చినా తీసుకో, తర్వాత వాళ్లే ఎక్కువసేపు పంపుతారు.